గీజరు జివ్వుమన్నా స్విచ్చు ఎందుకు పడలేదు? ఇంటి డీబీ బాక్సు చదవడం ఎలా

పోయిన మార్గశిరంలో ఒక పొద్దున్నే గుణుపురం నుంచి మా మేనత్త ఫోను. "ఒరేయ్ నాన్నా, బాత్‌రూములో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటన్నాదిరా. కొత్త బోర్డు ఏయించి రెండేళ్లు కానేదు. అన్ని స్విచ్చులెట్టేడు గదా, ఒక్కటీ పడనేదేటి?"

ముందు ఎవరూ ఆ కుళాయి ముట్టుకోవద్దన్నాను. డీబీలో, అంటే ఇంటి స్విచ్చులన్నీ ఉండే బాక్సులో, గీజరు ఎంసీబీ దించమన్నాను. ఎంసీబీ అంటే కరెంటు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు. ఆవిడ ఏదో దించింది, బోరు మోటారు ఆగింది. ఇంకోటి దించింది, వంటింట్లో ఫ్రిజ్ ఆగింది. చివరికి మెయిన్ మొత్తం దించేయమని చెప్పి, పర్లాకిమిడిలో బండెక్కాను.

ఇళ్ల వైరింగు నా బతుకుదెరువు. అటు పాతపట్నం, ఇటు కాశీనగరం, గుణుపురం, అప్పుడప్పుడూ రాయగడ దాకా వెళ్తాను. అత్త అడిగిన ప్రశ్నే తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ నన్ను అందరూ అడుగుతారు. బాక్సు నిండా స్విచ్చులున్నాయి, మరి షాకెందుకు కొడుతోంది? ఆ బాక్సులో ఒక్కో పరికరం ఒక్కో ప్రమాదాన్నే చూస్తుంది, పక్కదాని పని దానికి తెలీదు. అత్తింటి బాక్సులో ఎంసీబీలు ఆరున్నాయి. మనిషిని చూసే పరికరం ఒక్కటీ లేదు.

మొదట చదవండి, స్క్రూలు ముట్టుకోకండి

డీబీకి ముందుండే తలుపు మాత్రమే తెరవండి. లోపల స్క్రూలతో బిగించిన రేకు కవరు మీ పని కాదు. మెయిన్ దించినంత మాత్రాన లోపలంతా చచ్చిపోయినట్టు కాదు. మీటరు నుంచి వచ్చిన కరెంటు మెయిన్ స్విచ్చు లోపలికొచ్చే టెర్మినళ్లలో అలాగే కూర్చుని ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకి కూడా అక్కడే చెయ్యి కాలుతుంది.

ఫోనుతో ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. మసక వెలుతురులో ఆ చిన్నక్షరాలు చదవడం కన్నా అదే సులువు.

రెండు ఎంసీబీల వెడల్పుండి, 40 అనో 63 అనో అంకె రాసి, ఆ అంకె ముందు బీ, సీ లాంటి అక్షరం లేకపోతే అది ఐసోలేటరు. మన వైపు దీన్ని 'మెయిన్ ఎంసీబీ' అంటారు. అది ఎంసీబీ కాదు, వట్టి స్విచ్చు. ఎంత కరెంటు లాగినా తనంతట తాను పడదు. మీరు దించితేనే దిగుతుంది.

దాదాపు అంతే వెడల్పుండి, పక్కన టీ అక్షరం ఉన్న చిన్న బటను ఉంటే అది ఆర్‌సీసీబీ. మనిషిని చూసే పరికరం ఇదే. దానిమీద 30 మిల్లీఆంపియర్లనో 0.03 ఆంపియర్లనో రాసి ఉంటుంది. షాపులో ఈఎల్‌సీబీ అని అడిగినా ఇదే ఇస్తారు. నిజానికి ఈఎల్‌సీబీ అంటే వోల్టేజీ చూసి పనిచేసే పాత రకం. ఇప్పుడు దొరికేది కరెంటు లెక్క చూసేది. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.

సన్నగా వరసగా ఉండి, సీ10, సీ16, సీ20 అని రాసున్నవి ఎంసీబీలు. టీ బటనూ ఉండి సీ16 లాంటి అక్షరమూ ఉంటే అది ఆర్‌సీబీవో. ఎంసీబీ పనీ ఆర్‌సీసీబీ పనీ అదొక్కటే చేస్తుంది. పచ్చ రంగు చిన్న కిటికీ ఉన్నది కనిపిస్తే అది ఎస్‌పీడీ, పిడుగుల కోసం పెట్టేది. మన ఊళ్లలో ఇది ఉన్న ఇళ్లు తక్కువ.

మీ ఫొటోలో టీ బటను ఎక్కడా లేదంటే, మీ ఇల్లూ మా అత్త ఇల్లూ ఒకటే.

ఎంసీబీ కాపలా కాసేది వైరుకి

ఎంసీబీ లోపల రెండు ఏర్పాట్లుంటాయి. ఒకటి రెండు లోహాలు అతికిన పట్టీ. కరెంటు ఎక్కువైతే వేడెక్కి, మెల్లగా వంగి, లివరుని పడగొడుతుంది. రెండోది తీగచుట్ట. షార్టైనప్పుడు ఒక్కసారిగా అయస్కాంతమై, సెకనులో వందో వంతులోనే విడగొడుతుంది.

ఆ వేడి పట్టీకి ఓపిక ఎక్కువ. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటగానే పడిపోతుందనుకుంటారు. పడదు. రేటింగుకి 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్ల దాకా గంటసేపు లాగినా పడకూడదని ప్రమాణం. 1.45 రెట్లు, అంటే 23.2 ఆంపియర్లు లాగితే గంటలోపు పడాలి. 2.55 రెట్లకి ఒక్క నిమిషంలోపు పడాలి. ఈ మూడు అంకెలు గుర్తుంచుకోండి, ముందు లెక్కలో పనికొస్తాయి.

ముందున్న అక్షరం అయస్కాంతం సంగతి చెబుతుంది. బీ రకం రేటింగుకి 3 నుంచి 5 రెట్ల మధ్య ఠక్కున పడుతుంది, సీ రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డీ రకం 10 నుంచి 20 రెట్ల మధ్య. మోటారు, ఏసీ, ఫ్రిజ్ మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం మామూలుకన్నా కొన్ని రెట్లు లాగుతాయి. ఆ కుదుపుకి పడిపోకుండా మన ఇళ్లలో సీ రకం వేస్తాం. డీ రకం రైసు మిల్లుల్లో పెద్ద మోటార్లకి, ఇంట్లో దానికి పని లేదు.

పక్కన చిన్న గడిలో 6000 అనో 10000 అనో ఉంటుంది. షార్టు కరెంటు ఎన్ని ఆంపియర్ల దాకా వస్తే తాను పేలకుండా ఆపగలదో ఆ అంకె. ఇంటికి 6000 చాలు. గడే లేకపోతే ఆ సరుకు కొనకండి.

ఇక వైరు. వైరు ఎంత మోయగలదో ఎంసీబీ అంతకన్నా పెద్దది కాకూడదు. నేను వాడే లెక్క ఇది: లైట్లు, ఫ్యాన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 10 ఆంపియర్ల ఎంసీబీ. పవర్ ప్లగ్గులకి 2.5 వైరు, 16. ఏసీకీ పెద్ద గీజరుకీ 4 వైరు, 20 లేదా 25. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు తాగుతుంది, 3 కిలోవాట్లదైతే 13. అందుకే వీటికి 16 సరిపోతుంది, అంతకన్నా పెద్ద గీజరుకే 20, 25.

రాయగడలో ఒక ఇంటికి వెళ్లాను. వేసవిలో ఏసీ ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని ఎవరో 16 తీసేసి 32 పెట్టి వెళ్లారు. వైరు మాత్రం అదే 2.5. పడడం ఆగిందని ఇంటివాళ్లు సంబరపడ్డారు. నేను వెళ్లేసరికి పైపులో వైరు పైతొడుగు అప్పడంలా పెళుసెక్కి ఉంది. అసలు రోగమేంటంటే పాత ఎంసీబీ టెర్మినలు స్క్రూ వదులై ఉంది. వదులు దగ్గర వేడి పుడుతుంది, ఆ వేడి పక్కనే ఉన్న పట్టీకి తగిలి లివరు పడుతుంది. స్క్రూ ఒక్క చుట్టు బిగిస్తే పోయేది. ఎంసీబీ పడుతోందంటే పెద్దది పెట్టమని కాదు అర్థం.

ఇంకో తెలివితేట కూడా చూశాను. ఎంసీబీ పడకుండా లివరుని పైకి లాగి పురికొసతో కట్టారు. లివరు పైన కట్టి ఉన్నా లోపల అది పడిపోయే ఉంటుంది, అలాగే తయారు చేస్తారు. పురికొస దండగ.

పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులుంటే కథ వేరు. ఫ్యూజు తీగ చెడ్డదేం కాదు, దాంట్లో మనం చుట్టేదే చెడ్డది. వైరు పోగులు మూడు కలిపి మెలేసి పెట్టేస్తాం. అప్పుడది ఫ్యూజు కాదు, ఇంకో వైరు ముక్క. కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ వైరులో కూడా ఫ్యూజు పెట్టిన బోర్డు కనిపిస్తే వెంటనే మార్పించండి. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే లైటు ఆరుతుంది, ప్లగ్గులో కరెంటు తెచ్చే ఫేజు మాత్రం బతికే ఉంటుంది.

అత్త అడిగిన ప్రశ్నకి లెక్క

గీజరులో ఫేజు వైరు తెగి ట్యాంకు ఒంటికి తగిలిందనుకుందాం. ట్యాంకుకి ఎర్తు ఉంది, అంటే కారిన కరెంటుని పెరట్లో గుంతలోకి పంపే వైరు. ఎర్తు గుంత నిరోధం 20 ఓమ్‌లు. మన గట్టు నేలలో, రాతి మీద ఎర్రమట్టిలో, వేసవిలో ఇది పెద్ద అంకేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎర్తు ఇంకో 3 ఓమ్‌లు అనుకోండి. మొత్తం 23. 230 వోల్టుల్ని 23తో భాగిస్తే 10 ఆంపియర్లు.

ఫేజు నేరుగా భూమిలోకి పోతోంది, కానీ పోయేది 10 ఆంపియర్లే. సీ16 ఎంసీబీకి అదొక ఇస్త్రీ పెట్టె, ఒక మిక్సీ కలిసి నడిచినట్టు కనిపిస్తుంది. గీజరు మామూలుగా తాగే 8.7 కలిపినా 18.7. గంటలోపు పడాలంటే కావలసిన 23.2 రాలేదు. ఠక్కున పడాలంటే కనీసం 80 రావాలి. కాబట్టి ఎంసీబీ పైనే ఉండిపోవచ్చు. ఆ 10 ఆంపియర్లు 20 ఓమ్‌ల గుంతలోంచి పోతుంటే గీజరు ఒంటి మీద నిలిచే వోల్టేజీ 200. తడి చేత్తో కుళాయి తిప్పేవాడికి తగిలేది అది.

"ఎంసీబీ ఉంది, ఎర్తూ ఉంది, మాకేం భయం" అనే ఇంటి పరిస్థితి ఇది. వీళ్లింటికి ఎర్తు నిజంగానే ఉంది, అయినా చాలలేదు.

అత్తింట్లో ఇంకో మెట్టు కిందికి దిగింది వ్యవహారం. ఎర్తు వైరు డీబీ దాకా పచ్చగా, చక్కగా ఉంది. పెరట్లో గుంత దగ్గరికి వెళ్లి చూస్తే బోల్టు తుప్పుపట్టి, వైరు కొస తెగి గడ్డిలో పడి ఉంది. ఇల్లు మొత్తానికి ఎర్తు లేదు. గీజరు ఎలిమెంటు తొడుగు చిట్లి నీళ్లు లోపలికి దిగాయి. కారిన కరెంటుకి భూమిలోకి దారి లేక, ట్యాంకు మీదా కుళాయి మీదా కూర్చుంది. మనిషి ముట్టుకుంటే మనిషే దారి.

ఆర్‌సీసీబీ: వెళ్లిందీ తిరిగొచ్చిందీ లెక్కచూసే గుమస్తా

ఆర్‌సీసీబీ లోపల ఒక ఇనుప ఉంగరం ఉంటుంది. ఇంటికెళ్లే ఫేజు, తిరిగొచ్చే న్యూట్రల్ రెండూ దాని గుండానే పోతాయి. వెళ్లినంతా తిరిగొస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి, ఉంగరం నిద్రపోతుంది. 5 ఆంపియర్లు వెళ్లి 4.97 మాత్రమే తిరిగొస్తే, ఆ 30 మిల్లీఆంపియర్లు ఇంకెక్కడికో పోయాయని అర్థం. గోడలోకో, తడి నేలలోకో, మనిషిలోకో. ఉంగరం చుట్టూ ఉన్న తీగలో చిన్న కరెంటు పుట్టి లివరుని వదిలేస్తుంది.

30 మిల్లీఆంపియర్లంటే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తాగే కరెంటు కన్నా తక్కువ. ఎంసీబీ ఆంపియర్లు లెక్కపెడితే ఇది వెయ్యో వంతులు లెక్కపెడుతుంది. 30 మిల్లీఆంపియర్లు కారితే 0.3 సెకను లోపు, దానికి అయిదు రెట్లు కారితే 0.04 సెకనులో పడాలి. షాకు తగలదని కాదు. తగులుతుంది, అరుస్తారు కూడా. కానీ గుండె లయ తప్పేంత సేపు ఉండదు.

అసలు పాఠం ఇక్కడుంది. ఆర్‌సీసీబీ 15 నుంచి 30 మిల్లీఆంపియర్ల మధ్య ఎక్కడైనా పడవచ్చు, 15 లోపు పడదు. అత్తకి తగిలిన ఆ 'జివ్వు' బహుశా కొన్ని మిల్లీఆంపియర్లే. ఆర్‌సీసీబీ ఒక్కటే ఉండి ఎర్తు లేకపోతే అది ఆ జివ్వుకి పడేది కాదు, రేపు ఎలిమెంటు ఇంకాస్త చిట్లి, ఆవిడ తడి కాళ్లతో ముట్టుకున్న రోజు పడేది. ఎర్తు సరిగ్గా ఉంటే ఎవరూ ముట్టుకోకముందే కారే కరెంటు ఎర్తు వైరులోంచి పోతుంది, ఆర్‌సీసీబీ అప్పుడే పడిపోతుంది. గుంత నిరోధం 20 ఉన్నా ఇబ్బంది లేదు. 30 మిల్లీఆంపియర్లు 20 ఓమ్‌లలోంచి పోతే ఒంటి మీద నిలిచేది ఒక వోల్టు కూడా కాదు. రాతి నేలలో బతికే మనకి ఆర్‌సీసీబీ వేరేవాళ్లకన్నా ఎక్కువ అవసరం అనేది ఇందుకే.

ఆరోజు తెగిన ఎర్తు కొత్త బోల్టుతో బిగించి, ఆర్‌సీసీబీ పెట్టి, గీజరు వేశాను. లివరు అరచేతిలోనే ఎగిరిపడింది. "ఇదేటి, ఇప్పుడు పడతన్నాదీ" అంది అత్త. పడాలనే పెట్టింది అన్నాను. ఎలిమెంటు మార్చాక నిలబడింది.

అది చేయలేని పనులు కూడా తెలిసి ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే వెళ్లిందంతా తిరిగొస్తోంది కాబట్టి ఆర్‌సీసీబీకి మీరొక బల్బు. పడదు. ఓవర్‌లోడుకీ, ఫేజు న్యూట్రల్ షార్టుకీ పడదు. వాటికి ఎంసీబీ ఉండి తీరాలి. 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ అంటే 40 దగ్గర పడుతుందని కాదు, 40 దాకా మోయగలదని. దానికి ముందు 40కి మించని ఎంసీబీ ఉండాలి.

కొనేటప్పుడు మనిషి రక్షణకి 30 మిల్లీఆంపియర్లదే అడగండి. 100, 300 రకాలు అగ్నిప్రమాదాల కోసం, మనిషికి పనికిరావు. ఏసీ రకం, ఏ రకం అని రెండుంటాయి. ఇక్కడ ఏసీ అంటే చల్లబరిచే ఏసీ కాదు. వాషింగ్ మెషీన్, ఇండక్షన్ పొయ్యి, ఇన్వర్టర్ ఏసీ, కంప్యూటరు ఉన్న ఇంటికి ఏ రకం మంచిది. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లలోంచి ముక్కలుముక్కలుగా కారే కరెంటును కూడా అది పసిగడుతుంది. ఖర్చు భరించగలిగితే రెండు ఆర్‌సీసీబీలు పెట్టించుకోండి, తడి పనులకి ఒకటి, మిగతా ఇంటికి ఒకటి. గీజరు తప్పుకి ఇల్లంతా చీకటి కాకుండా ఉంటుంది.

టీ బటను నెలకోసారి నొక్కాలి. నొక్కగానే పడాలి. పడకపోతే ఆ పెట్టె గోడకి అలంకారం, మార్చేయండి. ఒక చిక్కుంది. టీ బటను పనిచేయడానికి ఎర్తు అక్కర్లేదు. అది లోపలే ఒక చిన్న రెసిస్టరుతో దొంగలెక్క సృష్టిస్తుంది. కాబట్టి బటను నొక్కితే పడింది కదా అని ఎర్తు బాగుందనుకోకండి.

ఎర్తు, దాన్ని బల్బుతో చూసే మోసం

మన మిస్త్రీలకి ఒక అలవాటు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, ఫుల్లుగా వెలిగితే "ఎర్తు సూపరు బాబూ" అంటారు. ఆ బల్బు తాగేది 0.43 ఆంపియరు. గుంత 20 ఓమ్‌లుంటే అక్కడ పోయేది 9 వోల్టులు, బల్బుకి 220 అందుతుంది. గుంత 50 ఓమ్‌లున్నా బల్బు చూడ్డానికి బాగానే వెలుగుతుంది. ఎర్తు అసలు తెగిపోయిందా లేదా అన్నది మాత్రమే బల్బు చెప్పగలదు. ఆర్‌సీసీబీ తర్వాత ఈ పరీక్ష చేస్తే అది పడిపోతుంది, పడాలి కూడా. ఓమ్‌లు తెలియాలంటే ఎర్తు టెస్టరుతో కొలిపించాలి. మీరే బల్బు పట్టుకుని ఈ పరీక్ష చేయకండి, పట్టు జారితే ఫేజు చేతిలో ఉంటుంది.

గుంతకి ఐఎస్ 3043 అనే భారతీయ ప్రమాణం ఉంది. పైపు అయితే లోవ్యాసం 38 మిల్లీమీటర్లకి తగ్గని జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు), పొడవు 2.5 మీటర్లకి తగ్గకుండా, పునాదికి కనీసం మీటరున్నర దూరంలో. మూడడుగులు తవ్వేసరికి బండ తగిలి, "ఇక్కడికి చాలు" అని ముగించే గుంతలే మన వైపు ఎక్కువ. బండ తగిలితే ఇంకో చోట రెండో గుంత వేసి రెండింటినీ కలపడం మేలు. రెండింటి మధ్యా పైపు పొడవుకి రెండింతల దూరం ఉండేలా చూడాలి. బోరు పక్కనో, స్నానాల నీళ్లు పోయే చోటో అయితే తడి నిలుస్తుంది. వేసవిలో వారానికి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఏడాదికోసారి బోల్టు దగ్గర తుప్పు చూడండి.

గాలివాన, పిడుగు, న్యూట్రల్ పోవడం

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ఊపేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చాక కూడా నాకు కొన్నాళ్లు తిండికి తీరిక లేదు. అన్నీ కాలిపోయిన టీవీలు, ఫ్రిజ్‌లు, సెట్‌టాప్ బాక్సులే.

స్తంభం మీద మూడు ఫేజులూ ఒక న్యూట్రల్ ఉంటాయి. న్యూట్రల్ తెగితే మీ ఇల్లూ పక్క ఫేజు మీద ఉన్న ఎదురిల్లూ 400 వోల్టుల మధ్య వరసలో పడతాయి. ఎక్కువ లోడున్న ఇంట్లో లైట్లు మినుకుతాయి, తక్కువ లోడున్న ఇంట్లో 300 దాటి పోతుంది. మీ ఇంట్లో బల్బులు ఉన్నట్టుండి తెల్లగా మండితే, లేదా ఒక గదిలో ఫ్యాను గింజుకుంటూ తిరిగితే ఆలోచించకుండా మెయిన్ దించేయండి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోను చేయండి. ఇది ఎంసీబీకీ కనపడదు, ఆర్‌సీసీబీకీ కనపడదు. దీనికి వోల్టేజీ ఎక్కువ తక్కువలకి కట్ చేసే పరికరం వేరే ఉంటుంది. డీబీలోనే బిగిస్తారు, అంకెలు చూపిస్తుంది, వోల్టేజీ కుదుటపడ్డాక తనే మళ్లీ కలుపుతుంది. మన లైన్లకి నేను ఆర్‌సీసీబీ తర్వాత రెండో ఖర్చుగా దీన్నే చెబుతాను.

పిడుగుకి ఎస్‌పీడీ. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుని రాష్ట్ర విపత్తుల్లో చేర్చిందంటే సంగతి అర్థం చేసుకోండి. ఎస్‌పీడీ మామూలప్పుడు ఏమీ చేయదు. లైన్లో వేల వోల్టులు ఎగిరితే సూక్ష్మక్షణంలో దారి తెరిచి ఎర్తులోకి పంపేస్తుంది. ఇంటి డీబీకి టైపు 2 చాలు. ఆర్‌సీసీబీకి ముందు పెట్టాలి, వైర్లు కలిపి అరమీటరుకి మించకూడదు. పొడుగు వైరుతో వంకరలు తిప్పి పెడితే పని చేయదు. పచ్చ కిటికీ ఎర్రగా మారితే దాని ఆయుష్షు తీరింది. ఇంటి మీదే పిడుగు పడితే ఇది ఆపలేదు, ఉరుములకి ప్లగ్గులు పీకే అలవాటు మానకండి.

ఇంట్లోకి నీళ్లొస్తే, తడిసిన ప్లగ్గులు ఎండి, మెగ్గరుతో చూసేదాకా ఆ సర్క్యూటు ఎత్తవద్దు. పేరు మెగ్గరు కానీ, అది వైర్ల ఇన్సులేషను కొలిచే పెట్టె.

ఆర్‌సీసీబీ పడుతోందా? దొంగని పట్టే వరస

1. అన్ని ఎంసీబీలూ దించండి. ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడకపోతే తప్పు డీబీలోనో, న్యూట్రల్ వైపో ఉంది. మిస్త్రీని పిలవండి.
2. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తండి, మధ్యలో పది సెకన్లు ఆగుతూ. ఏది ఎత్తితే పడిందో ఆ సర్క్యూటు.
3. ఆ సర్క్యూటులో ప్లగ్గులన్నీ పీకండి. స్విచ్చు ఆపడం చాలదు, పీకాలి. న్యూట్రల్ వైపు కారుతుంటే స్విచ్చు ఆపినా కారుతుంది.
4. మళ్లీ ఎత్తి, ఒక్కోటీ పెట్టుకుంటూ రండి.

గీజరు, బోరు మోటారు, గోడ బయట లైటు, పాత ఫ్రిజ్, ఈ నలుగురిలోనే దొంగ ఎక్కువగా దొరుకుతాడు. వానాకాలంలో డాబా మీది జంక్షన్ బాక్సులో నీళ్లు చేరతాయి. కొన్నిసార్లు ఒక్క దొంగా ఉండడు. పది పరికరాలు తలా ఒక మిల్లీఆంపియరు, రెండేసి కారుస్తూ కలిసి 15 దాటిస్తాయి. అప్పుడు రెండో ఆర్‌సీసీబీతో పంచుకోవాలి.

పాత ఇంటికి కొత్తగా ఆర్‌సీసీబీ పెడితే మొదటి రోజే పడుతూ ఉంటే, సరుకు చెడ్డదని తిట్టకండి. ఎక్కడో ఒక స్విచ్చుబోర్డులో న్యూట్రల్ దొరక్క ఎర్తునే న్యూట్రల్‌గా వాడి ఉంటారు, లేదా ఆర్‌సీసీబీ తర్వాతి న్యూట్రల్‌ని ముందరి న్యూట్రల్‌తో కలిపి ఉంటారు. ఇన్వర్టరున్న ఇంట్లో రెండోది మామూలే. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్ విడిగా రావాలి, ఒక్క కామన్ లింకులో (వైర్లు గుచ్చే పట్టీలో) అన్నీ గుచ్చితే లెక్క కుదరదు. నాకు ఒక పాత ఇంట్లో ఆ ఒక్క వైరు వెతకడానికి రోజున్నర పట్టింది. "ఆర్‌సీసీబీ తీసేస్తే అన్నీ బాగానే ఉన్నాయిగా" అని అన్నవాళ్ల ఇంట్లోంచి కూడా తీసేయకుండా బయటికి రావడం నా వృత్తిలో కష్టమైన భాగం.

మూత మీద రాత

అత్త ఆరోజు పొద్దున బోరు ఎందుకు దించిందో డీబీ మూత చూశాక తెలిసింది. బోర్డు వేసిన మనిషి ఒడియాలో పెన్సిలుతో రెండు ఎంసీబీల పక్కన 'పాణి' అని రాశాడు. ఒకటి బోరు నీళ్లకి, ఒకటి వేన్నీళ్లకి. ఆయనకి తెలుసు ఏది ఏదో.

మా మేనల్లుడి చేత అన్నీ ఒక్కొక్కటిగా దింపించి, ఇంట్లో ఏది ఆగిందో చూసి, తెల్ల టేపు మీద తెలుగులో ఒక వరస, కింద ఒడియాలో ఒక వరస రాయించాను. రేపు పిలిచే మిస్త్రీ ఏ భాషవాడో తెలీదు కదా. ఒక ఎంసీబీ దించితే ఏమీ ఆగలేదు. అది ఖాళీ అనుకున్నాం. సాయంత్రం ఆరింటికి గేటు లైటు వెలగలేదు.

టీ బటను పక్కన అత్త పసుపు బొట్టు పెట్టుకుంది. ప్రతి పౌర్ణమికీ నొక్కుతోందట. రాత్రి సీరియల్ టైములో మాత్రం నొక్కనని ముందే చెప్పింది.